బాలింత చేతిలోని పని



ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. 1992లో మొదలై ఇప్పటికీ దేశదేశాల్లో జరుగుతున్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఆ వారం రోజులు అంగన్‌వాడీ కేంద్రాల దగ్గర బాలింతలను కూర్చోబెట్టి చెబుతాం. పుట్టిన గంటలోపే పాలు పట్టాలమ్మా అంటాం. ముర్రుపాలు పారబోయకమ్మా, ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా పొయ్యకమ్మా, ఆ తర్వాత మెత్తటి అన్నం అలవాటు చేస్తూ రెండేళ్ళు దాటేదాకా పాలు మాన్పించకమ్మా అంటాం. ఆమె అన్నిటికీ తల ఊపుతుంది. ఇంటికి వెళ్తే అంట్లు, బట్టలు, పశువుల కసువు, పెద్దపిల్లాడి స్నానం ఎదురుచూస్తుంటాయి. రేపు పొలానికి వస్తున్నావా లేదా అని కబురు వచ్చి ఉంటుంది.

ఈ రెండు జిల్లాల్లో చాలా ఏళ్ళు నర్సుగా బాలింతల మధ్య తిరిగినదాన్ని. మనం చెప్పాల్సిందంతా తల్లికే చెబుతున్నాం, చెయ్యాల్సిన మిగతావాళ్ళను వదిలేస్తున్నాం అని నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. అందుకని ఈవేళ భర్తలతో, అత్తగార్లతో, మామగార్లతో, కూలికి పిలిచే రైతులతో, పని ఇచ్చే యజమానులతో మాట్లాడదామని వచ్చాను. బాలింతలు వింటే మంచిదే. వాళ్ళు పనిలో ఉండి వినలేకపోతే మిగతావాళ్ళు వినండి.

కాస్త దూరం నుంచి మొదలుపెడతాను. యూదుల ధర్మశాస్త్రంలో మిష్నా అని ఒక గ్రంథం ఉంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చినది. పెళ్ళి ఒప్పందాల గురించి చెప్పే భాగంలో, ఇంట్లో భార్య చెయ్యాల్సిన పనులు వరసగా రాశారు. పిండి విసరాలి, రొట్టె కాల్చాలి, బట్టలు ఉతకాలి, వంట చెయ్యాలి, బిడ్డకు పాలివ్వాలి, పక్క వెయ్యాలి, ఉన్ని వడకాలి. ఎంత తూకం వడకాలో కూడా లెక్క కట్టారు. ఆ కాలపు ఆడదాని బతుకు ఎంత బరువో ఆ వరసలోనే తెలిసిపోతుంది. దాన్ని మెచ్చుకోమని నేను అనను. కానీ అంత లెక్క కట్టినవాళ్ళే ఆ వెంటనే ఇంకో విధి చేర్చారు. ఆమె చంటిబిడ్డకు పాలిస్తున్నట్టయితే ఆ వడికే లెక్క తగ్గించాలి, ఆమెకు పెట్టే తిండి పెంచాలి. భర్త మనసు మంచిదైతే చేస్తాడులే అని వదల్లేదు. చెయ్యాలని రాశారు.

ఆ తర్వాత కూర్చిన తాల్ముదు అనే గ్రంథంలో, ఎన్నాళ్ళు పాలివ్వాలన్న దాని మీద పండితుల వాదన ఉంది. రెండేళ్ళన్నారు కొందరు. నాలుగైదేళ్ళయినా తప్పులేదన్నారు ఇంకొందరు. బిడ్డ పాలు తాగుతుండగా భర్త పోతే, ఆ బిడ్డకు 24 నెలలు నిండేదాకా తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోరాదని నియమం పెట్టారు. కొత్త కాపురంలో పడి బిడ్డకు పాలు కరువవుతాయేమోనని వాళ్ళ భయం. ఆ నియమం ఎందరు ఆడవాళ్ళను ఇరుకున పెట్టిందో ఆలోచిస్తే కష్టంగానే ఉంటుంది. అయినా ఒక పసిబిడ్డ పాల గురించి ఊరి పెద్దలంతా కూర్చుని తల బద్దలు కొట్టుకోవడం నన్ను ఆకట్టుకుంది. మన పంచాయతీల్లో ఏనాడైనా ఆ విషయం చర్చకు వచ్చిందా?

మన జిల్లాల్లో చాలామందికి యూదుల కథలు ఇంకో దారిలో, బైబిలు ద్వారా తెలుసు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు కెనడియన్ బాప్టిస్టు మిషను రోజుల నుంచీ క్రైస్తవ సంఘాలున్నాయి. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆ మందిరాల్లో కూర్చునే ప్రతి ఆడపడుచూ వినే ఉంటుంది. హన్నా కథ కూడా వినే ఉంటుంది. ఏటా ఇంటిల్లిపాదీ వెళ్ళే షిలోహు యాత్రకు హన్నా ఈసారి నేను రాను, బిడ్డ పాలు విడిచేదాకా కదలను అంది. భర్త ఎల్కానా నీకు ఎలా మంచిదనిపిస్తే అలాగే ఉండమన్నాడు. ప్రసంగాల్లో హన్నా ప్రార్థన గురించి చెబుతారు గాని, ఎల్కానా ఒప్పుకోలు గురించి ఎవరూ ఎక్కువగా చెప్పరు. నాకైతే అదే పెద్ద విషయం. యాత్ర పుణ్యం కంటే పిల్లాడి పాలు ముందు అని ఇంటి యజమాని ఒప్పుకున్నాడు.

గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఒక చిన్న తెలుగు యూదు సంఘం ఉంది. 1990ల మొదట్లో ప్రార్థనామందిరం ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కువగా వ్యవసాయ కూలి మీద బతికే కుటుంబాలు. అంటే ఆ ధర్మం పాటించే తెలుగు తల్లులు కూడా మన తల్లుల్లాగే పొలం పనికి పోయి రావాల్సినవాళ్ళే. ఇజ్రాయెల్‌లో, అమెరికాలో సంప్రదాయ యూదు కుటుంబాలున్న పేటల్లో ఒక పద్ధతి ఉంది. కాన్పయిన ఇంటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులు వేసుకుని, కొన్నాళ్ళపాటు వండిన భోజనం తెచ్చి పెడతారు. ఈవేళ వీళ్ళు, రేపు వాళ్ళు. బాలింత పొయ్యి ముట్టించదు. ఇజ్రాయెల్‌లో ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లి కొన్ని రోజులు బిడ్డతో పాటు విశ్రాంతిగా ఉండి వెళ్ళే గృహాలు కూడా ఉన్నాయి. అక్కడి తల్లీబిడ్డల కేంద్రాలు 1920ల నాటివి. హడస్సా అనే మహిళా సంఘం నర్సులు యెరూషలేములో మొదలుపెట్టారు. బిడ్డను తూచి, తల్లితో మాట్లాడి, పాలు ఎలా పట్టాలో పక్కన కూర్చుని చూపించే పద్ధతి అక్కడ నూరేళ్ళుగా సాగుతోంది. మన ఎఎన్ఎంలూ, ఆశా కార్యకర్తలూ చేసే పని అదే.

మనకు అలా రాసిపెట్టిన శాసనం లేకపోయినా పురుడు అనే ఆచారం ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి పంపేదాకా ఆ పిల్ల చేతికి చీపురు ఇవ్వరు. పురిటి మైల పేరు చెప్పి వంటగదిలోకి రానివ్వరు. ఆ మైల పట్టింపు వెనక ఏ ఉద్దేశం ఉన్నా, ఆమెకు దొరికింది మాత్రం విశ్రాంతి. పక్కన బిడ్డ, వేళకు అన్నం, రాత్రి బిడ్డ లేస్తే ఎత్తుకోవడానికి అమ్మ. పాలు పడడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ ఆసుపత్రీ చెయ్యలేదు. చిక్కంతా రెండో కాన్పుకు వస్తుంది. అది అత్తవారింట్లో. ఇరవై ఒకటో రోజు స్నానం అవగానే ఇంక నీకేటి అని బిందె చేతికిస్తారు. ఇప్పుడు తొలి కాన్పుకైనా పుట్టింటి ఆసరా అందరికీ దొరకడం లేదు. అమ్మే హైదరాబాదులో ఇళ్ళ పనికో, కృష్ణా జిల్లా ఇటుక బట్టీకో వెళ్ళి ఉంటే ఇంక పుట్టిల్లు ఎక్కడ?

పాల గురించి ఒక్క సంగతి తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి. పాలు తాగిన కొద్దీ ఊరుతాయి. బిడ్డ నోరు తగిలి, రొమ్ము ఖాళీ అయిన ప్రతిసారీ ఇంకా కావాలని ఒంటికి తెలుస్తుంది. పాలు తియ్యకుండా గంటల తరబడి నిండిపోయి ఉంటే, ఒళ్ళు తయారుచెయ్యడం తగ్గించేస్తుంది. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగాలి, రాత్రి కూడా. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా విడుదలవుతుంది. పాలను బయటికి వదిలించేది ఆక్సిటోసిన్. తల్లి భయపడినా, నొప్పితో ఉన్నా, మాటలు పడుతున్నా అది వెనకాడుతుంది. నీకు పాలే లేవు అని రోజూ సూటిపోటి మాటలంటే, ఉన్న పాలు కూడా దిగవు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. ఒంటి పనితీరే అది.

ఇప్పుడు ఉబాలు, అంటే వరినాట్లు, జోరుగా సాగే రోజులు తలుచుకోండి. పొద్దున్నే మడిలో దిగిన మనిషి మధ్యాహ్నం దాకా నడుం ఎత్తదు. గట్టు మీద చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల, అందులో బిడ్డ, పక్కన ఏడెనిమిదేళ్ళ అప్ప కాపలా. ఏడుపు వినబడుతుంది. మడిలో ఉన్న తల్లికి రవిక తడిసిపోతుంది. వరస తప్పితే పక్కవాళ్ళు గొణుగుతారని ఆగిపోతుంది. ఆ బిడ్డ ఆకలి తీరడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ఇమ్మని రైతుకు ఎవరూ చెప్పలేదు, రైతూ అడగలేదు. బిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన తల్లి సంగతి ఇంకా కష్టం. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి సలుపుతుంటే గట్టు చాటుకు వెళ్ళి పిండి పారబోసుకుంటుంది. అవతల ఇంట్లో బిడ్డకు చక్కెర నీళ్ళు పడుతుంటారు.

పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమల వెంట వెళ్తే ఆడవాళ్ళే కనబడతారు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె ఎంత చురుకో తెలిసినవాళ్ళకే తెలుసు. చర్మానికి తగిలితే బొబ్బ లేస్తుంది. అందుకే పిక్కలు కొట్టేవాళ్ళు చేతులకు ఆముదమో బూడిదో పట్టించుకుంటారు. వేళ్ళ చివర్లు నల్లబడి, తోలు లేచిపోయి ఉంటాయి. ఆ చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోవాలంటే ఎంతసేపు కడుక్కోవాలి! గబగబా వచ్చి రెండు నిమిషాలు పాలిచ్చి పోదామన్నా కుదరని పని అది. పైగా కిలోల లెక్కన కూలి. ఆగిన ప్రతి నిమిషం కూలిలోంచే పోతుంది. అటువంటి చోట సబ్బు, నీళ్ళు, తలుపున్న ఒక చిన్న గది, బిడ్డను చూసే ఒక ఆయా ఉంటే ఎంత తేడా వస్తుందో యజమానులు ఆలోచించాలి. 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, తర్వాతి సవరణతో, చెప్పింది. 2017లో సవరించిన ప్రసూతి చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఇమ్మంది. 50 మంది పనిచేసే చోట పిల్లల గది, రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకునే వీలు ఉండాలంది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలన్నది అంతకుముందు నుంచీ ఉన్న నియమమే. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు గాని, అంతకు మించి గాని వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి కట్టాలని రాశారు. కాగితం మీద ఇంత ఉంది. మడిలో దిగిన తల్లికీ, పది మంది పనిచేసే షెడ్డులో కూర్చున్న తల్లికీ అందులో ఎంత దక్కుతోంది? వాళ్ళ దగ్గరికి చట్టం రాకపోతే పని చేయించుకునే మనిషికి మనసైనా రావాలి.

తీరం వెంట ఇంకో కష్టం. బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచి ఇటు భోగాపురం, పూసపాటిరేగ దాకా మత్స్యకార పల్లెల్లో మగవాళ్ళు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతారు. అక్కడి నుంచి వెళ్ళిన మనవాళ్ళను 2018లో పాకిస్తాన్ పట్టుకుంటే, 2020 జనవరిలో గాని ఇళ్ళకు రాలేదు. ఆ నెలల్లో ఎన్ని ఇళ్ళలో చంటిబిడ్డలు, ఎన్ని ఇళ్ళలో బాలింతలు ఉండి ఉంటారు! చేపలు తట్టకెత్తుకుని అమ్మకానికి వెళ్ళేదీ ఆమే, అప్పు వాయిదా కట్టేదీ ఆమే, పాలిచ్చేదీ ఆమే. అయినా ఆ పల్లెల్లో నాకు నచ్చేది ఒకటుంది. బాలింతకు చేప పెట్టాలన్న పట్టుదల. పాలసొర దొరికితే ముందు బాలింత ఉన్న ఇంటికే పంపుతారు. అది తింటే పాలు పడతాయని వాళ్ళ నమ్మకం. ఫలానా చేపలోనే ఆ గుణం ఉందని నేను చెప్పను. మంచి మాంసకృత్తులున్న కూర వేడిగా, కడుపునిండా దొరికితే బాలింత కోలుకుంటుందని మాత్రం తప్పకుండా చెబుతాను.

తిండి మాట వచ్చింది కనుక పత్యం గురించి గట్టిగా మాట్లాడాలి. బాలింతకు కూర వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు, కాయగూర చలవ, పండు జలుబు అని తీసేస్తూ పోతే చివరికి మిగిలేది తెల్లన్నం, కారప్పొడి, వెల్లుల్లి. ఈ పత్యానికి మన తీరంలో ఒక విషాద చరిత్ర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి జబ్బుకు పేరుపడ్డాయి. మిల్లులో బాగా తెల్లగా పట్టిన పచ్చిబియ్యంలో బి1 విటమిను పోతుంది. అదే అన్నం తిని, వేరే ఏదీ తినని తల్లి పాలలో కూడా అది తక్కువవుతుంది. రెండు మూడు నెలల బిడ్డ, చూడ్డానికి బొద్దుగా ఉన్న బిడ్డ, ఉన్నట్టుండి గుక్కపెట్టి, ఆయాసపడి, గంటల్లో పోయేది. గాలి సోకిందనుకున్నారు, దిష్టి అనుకున్నారు, తల్లి పాలు విషమయ్యాయనుకున్నారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల నుంచి ఐక్రాయిడ్ దొరగారి బృందం 1940 ప్రాంతంలో ఈ బెరిబెరి జిల్లాల్లో శిశుమరణాలను పరిశీలించింది. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. తల్లి తిండి సరిచేస్తే బిడ్డ దక్కుతుందన్నది ఆ జబ్బు నేర్పిన పాఠం. పాలు మాన్పించడం దానికి మందు కాదు.

అదే బి1 కొరత 2003లో ఇజ్రాయెల్‌లో వేరే దారిలో వచ్చింది. యూదుల ఆహార నియమాలకు సరిపడేలా సోయాతో చేసిన ఒక డబ్బాపాల రకంలో, తయారీలో జరిగిన పొరపాటు వల్ల బి1 దాదాపు లేకుండా పోయింది. రెమీడియా అనే పేరుతో అమ్మారు. నమ్మి పట్టిన ఇళ్ళలో పసిబిడ్డలు చనిపోయారు, ఇంకొందరు జీవితాంతం మిగిలే వైకల్యంతో బయటపడ్డారు. ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. డబ్బాపాలు తప్పనిసరైన బిడ్డలుంటారు, తల్లి లేని బిడ్డలుంటారు, డాక్టరు చెప్పినప్పుడు పట్టాల్సిందే. కానీ ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఒక దినుసు తప్పితే వేల ఇళ్ళ బిడ్డలకు ఒకేసారి తప్పుతుంది. తల్లి పళ్ళెంలో తప్పితే మనింట్లోనే, మన కళ్ళెదుటే సరిదిద్దుకోవచ్చు. పప్పు, ఆకుకూర, మునగాకు, గుడ్డు, చేప, చోడిపిండి అంబలి, వేరుశెనగ ఉండ... ఇవేవీ మన ఇళ్ళలో లేనివి కావు. అత్తగారూ, కాయం ఉండ పెడితే పెట్టండి, తప్పులేదు. దాంతో పాటు పళ్ళెంలో పప్పు కూడా వెయ్యండి. ఉపవాసాల సంగతీ అంతే. యూదుల్లో చిన్న ఉపవాసాల నుంచి పాలిచ్చే తల్లిని మినహాయించారు. ఇస్లాంలో రంజాను ఉపవాసం ఆమె తర్వాత తీర్చుకోవచ్చు. కార్తీక సోమవారం బాలింత అన్నం తింటే ఏ శివుడూ కోపగించుకోడు.

ఇప్పుడు ఆసుపత్రిలోకి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మన రాష్ట్రంలోనైతే 96.5 శాతం. అయినా దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు 41.8 శాతమే. ఆసుపత్రి గడప తొక్కినంత మాత్రాన బిడ్డ నోటికి పాలు అందవన్నమాట. ఆ లెక్కల్లోనే మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లు. ఆపరేషనైన తల్లిని ఒకచోట, బిడ్డను ఒకచోట ఉంచితే ఆ తొలి గంట అలాగే జారిపోతుంది. బిడ్డ బంధువుల చేతులు మారుతూ ఫొటోలు దిగుతుంటాడు. తేనె నాకిస్తారు, ఆముదం చుక్క వేస్తారు, ఎవరో గాడిదపాలు మంచివంటారు. ఇవేవీ వద్దు. నడుముకు మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెడితే వాడే వెతుక్కుంటాడు.

కాన్పు వార్డుల్లో ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. ఆపరేషనైన రెండో రోజు అత్తగారు పరుగున వస్తుంది. "ఓలమ్మా, దీనికి పాలే పడనేదు. గుంటడు ఏడిసి ఏడిసి సొమ్మసిల్లిపోతన్నాడు. డబ్బా ఒకటి రాసీండమ్మా!" ఆవిడది ప్రేమే. కోప్పడితే లాభం లేదు. పక్కకు వెళ్ళి చూస్తే తల్లి వెల్లకిలా పడుకుని మెడ తిప్పలేక ఉంటుంది, బిడ్డ చనుమొన చివర మాత్రం పట్టుకుని లాగుతూ జారిపోతుంటాడు. తల్లిని మెల్లగా పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా జరిపి, పాత లుంగీ చుట్టచుట్టి బిడ్డ వీపుకు దన్నుగా పెట్టాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, వాడు నోరు బార్లా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. అప్పుడు గుటక వినబడుతుంది. ఆ గుటక ముందు వినేది చాలాసార్లు ఆ అత్తగారే. "తాగుతన్నాడే! సూడు, దవడ ఎలాగ ఆడిత్తన్నాడో!" అంటుంది. ఆ క్షణం నుంచి ఆ లుంగీ చుట్ట పట్టుకుని కూర్చునే మనిషి ఆవిడే. వార్డులో పక్క మంచం వాళ్ళకు కూడా ఆవిడే చూపిస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు పచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు చెంచాడే ఉంటాయి. పుట్టిన రోజున బిడ్డ కడుపు పట్టేది కూడా అంతే. పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుతో తేలదు. తొలి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తున్నాడా, రెండు వారాల నాటికి పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చాడా అని చూడాలి. నీళ్ళ సంగతి కూడా. మే నెల ఎండల్లో పసివాడికి గొంతు ఎండిపోదా అని అడుగుతారు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీళ్ళే. తల్లి నీళ్ళు తాగితే చాలు.

మన అమ్మమ్మల ఇళ్ళలో ఉగ్గుగిన్నె ఉండేది, కొస సన్నగా ముక్కులా దించిన చిన్న వెండి గిన్నె. నెలలు నిండకుండా, బరువు తక్కువతో పుట్టి రొమ్ము లాగలేని బిడ్డకు, తల్లి పాలు చేత్తో పిండి సరిగ్గా అలాంటి గిన్నెతోనే పట్టమని ఈనాటి పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. సీసా కంటే అది మేలు. సులువుగా మరగబెట్టవచ్చు, బిడ్డకు సీసా అలవాటు పడదు. పనికి వెళ్ళే తల్లికి కూడా ఇదే దారి. పొద్దున్నే చేతులు శుభ్రంగా కడుక్కుని, మరగబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి వెళ్తే, చల్లటి చోట నాలుగు గంటల దాకా చెడవు. ఇంట్లో ఉన్న మామ్మ గిన్నెతో పట్టవచ్చు. మామయ్య పట్టినా బిడ్డ తాగుతాడు. తల్లి పాలే అందని జబ్బు బిడ్డల కోసం హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి అనే తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే మొదలుపెట్టారు.

మందుల షాపులవాళ్ళకు, ఆసుపత్రుల వాళ్ళకు ఒక మాట. 1992లో వచ్చి 2003లో గట్టిపడిన చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల డబ్బాపాలకు, డబ్బా తిండికి, పాలసీసాలకు ప్రకటనలు చెయ్యకూడదు. నమూనా డబ్బాలు పంచకూడదు, సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. ఎవరైనా ఆసుపత్రిలో మీ చేతికి ఊరికే డబ్బా ఇచ్చారంటే అది మీ మీద దయతో ఇచ్చింది కాదు.

కొండల మీద సవర, జాతాపు గూడేల్లో తల్లులు ఎక్కువకాలం పాలిస్తారు, ఎవరూ సిగ్గుపడరు. అక్కడి కష్టం దారిది. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి దించే పరిస్థితి చూసి, కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండేలా సాలూరులో, గుమ్మలక్ష్మీపురంలో గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. చాలా మంచి పని. కాన్పుకు ముందు ఇచ్చిన ఆ నీడ కాన్పు తర్వాత ఇంకొన్ని వారాలు కూడా ఇవ్వగలిగితే ఎంత బాగుంటుందో!

సిగ్గు మాట అన్నాను. ఒకప్పుడు సంతలో, బస్సులో, జాతరలో ఆడవాళ్ళు పైట చాటున పాలిచ్చేవాళ్ళు. ఎవరూ తల తిప్పి చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు చదువుకున్న పిల్ల శ్రీకాకుళం నుంచి పలాస వెళ్ళే బస్సులో బిడ్డ ఏడుస్తుంటే బిగుసుకుపోయి కూర్చుంటుంది. ఎదుటి సీట్లో ఎవరైనా ఫోను ఎత్తారేమోనని ఆమె భయం. ఆ భయం ఉత్తది కాదు. 2021లో కర్ణాటక హైకోర్టు, పాలివ్వడం తల్లికి విడదీయరాని హక్కు అంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బయటి చోట్ల తల్లులకు పాలిచ్చే గదులు ఉండాలని ప్రభుత్వాలకు చెప్పింది. గదులు వచ్చేదాకా కండక్టరు బాబులు కిటికీ పక్క సీటు ఇప్పించండి. పక్కన ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి.

ఇంక భర్తలతో చివరి మాట. ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి ఇంటికీ ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు వస్తుంది. ఆ ఆరు రోజులూ క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. వీలైనన్ని రోజులు ఇంట్లో ఉండండి. వీధిలోకి లేచి వెళ్ళిపోకుండా పక్కన కూర్చోండి. ఆమె నాలుగు సంగతులు అడుగుతుంది. బిడ్డ ఎన్నిసార్లు తాగాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, తల్లి ఏం తింది, ఎంతసేపు పడుకుంది. మొదటి రెండింటికీ మీ భార్య జవాబు చెబుతుంది. మిగతా రెండింటికీ మీరు చెప్పండి.